కాలువ కట్టేసిన నెల

ఏప్రిల్ చివర్లో కాలువ కట్టేశాక
గుబ్బల వీరాస్వామికి పన్ను చూపించుకునే తీరిక దొరికింది.
లొల్ల లాకుల దగ్గర ముప్ఫై ఏళ్ళుగా లస్కరు.
చేలకి నీళ్ళు వదిలే రోజుల్లో
దవడ పట్టుకుని కూర్చుంటే కుదరదండి, అన్నాడు.
లవంగం నొక్కిపెట్టి దాళ్వా అంతా గడిపాడట.

రావులపాలెంలో మందుల షాపు మీద నా గది.
ఒక కుర్చీ, ఒక ఇన్వర్టరు.
ఫిల్ము మీద అతని కింది దవడ, ఆరో పన్ను:
రెండు వేర్లు, మూడు దారులు,
ఒకటి చివర్లో కొడవలిలా వంగింది.

పచ్చ రబ్బరు గుడ్డ బిగించి
ఒక్క పన్నునే పైకి తేల్చాను,
గోదాట్లో లంకలా.
నోరు తెరిచినవాడు మాట్లాడలేడు.
వాసనేంటని ముక్కు వైపు వేలు చూపించాడు.
బ్లీచింగ్ అన్నాను,
రొయ్యల చెరువుల్లో చల్లేదానికి తమ్ముడు.
కనుబొమలు లేచాయి.
అల్లుడికి చెరువుందని తర్వాత తెలిసింది.

ఈ సూదికి కన్నం మొనలో ఉండదు, పక్కన ఉంటుంది.
నొక్కాల్సింది చూపుడు వేలితో.
బొటనవేలికి బలమెక్కువ, బుద్ధి తక్కువ, అనేవారు మా సారు.
వేరు చివర దాటి కాస్త జారిందా,
సాయంత్రానికి మొహం గుమ్మడికాయ.
ఒకసారి కొత్తపేట ఆవిడకి...
వద్దు. అది ఇవాళ కాదు.

పీజీలో నా థీసిస్ వేపాకు.
హాస్టల్ వెనక చెట్టు, ఎవరూ నాటనిది.
నీడన ఎండబెట్టి, నానబెట్టి, వడగట్టి,
క్రిములు పెంచిన గాజు పళ్ళెంలో చుక్క వేస్తే
తెల్లారి చుట్టూ ఖాళీ వలయం.
నా కేకకి అటెండరు నూకరాజు చీపురుతో పరిగెత్తుకొచ్చాడు.
త్రిఫల, పసుపు కూడా కాస్త కాస్త ఖాళీ చేశాయి.
స్కేలు పెట్టి మిల్లీమీటర్లు రాసుకున్నాను.
ఆ తర్వాత, పీకిన పళ్ళలో
నాలుగు వారాలు ముదిరిన జిగురు పొర మీద
అదే వేప ఓడిపోయింది.
బ్లీచింగ్ గెలిచింది, కంపుతో సహా.
"ఆశాజనకం" అని రాయమన్నారు. రాశాను.
ఆ మాట ఇప్పటికీ నా పంట్లో ఇరుక్కున్న పీచు.

రబ్బరు గుడ్డ తీశాక చెప్పాను:
ఫీకాలిస్ అని ఒక క్రిమి ఉంటుంది,
తిండి లేకపోయినా నెలల తరబడి
పంటి గోడల సన్న గొట్టాల్లో నక్కి ఉంటుంది.
వీరాస్వామి పుక్కిలించి ఉమ్మాడు.
మట్టగిడసండి అది.
కాలువ కట్టేస్తే మిగతావన్నీ చస్తాయి,
ఇది బురదలోకి పోయి పడుకుంటుంది.
పారకి తగులుద్ది ఒక్కోసారి, తడిగా, కోపంగా.
నీళ్ళొచ్చిన రోజున ఏమీ ఎరగనట్టు ఈదుద్ది.
ఆయ్, మాకది కూరండి.

సున్నం పెట్టి రెండు వారాలు మూశాను.
సున్నమంటే సున్నమే, కిళ్ళీలోదానికి దాయాది.
ఆకూ వక్కా కూడా మీరే ఇప్పించండి మరి, అన్నాడు.

రెండోసారి ఇంకో మందు.
దానికీ బ్లీచింగ్‌కీ పడదు.
మధ్యలో ఉప్పునీళ్ళు వదలకపోతే
కలుసుకున్న చోటల్లా ఇటుకరంగు మడ్డి.
మా తోడికోడళ్ళు గుర్తొచ్చారు, చెప్పలేదు.

నలభై ఏళ్ళు వేపపుల్లేనండి,
మోసం చేసిందంటారా? అని అడిగాడు.
లేదు. పుల్ల గట్టు దాకా కాపలా కాస్తుంది,
తూములోకి దిగలేదు.

చివరికి ఆ దారులు పూడ్చే గులాబీరంగు పుల్ల
ఎక్కడో సముద్రాల అవతలి చెట్టు పాలు,
గడ్డకట్టించినవి.
ఏం చెట్టండి? అన్నాడు.
నేనూ చూడలేదు.
ఇద్దరమూ చూడని చెట్టు నా పంట్లో పెట్టారన్నమాట,
సగం మొద్దుబారిన మూతితో నవ్వాడు,
నవ్వు ఒక పక్కకే వచ్చింది.

తొడుగు కొలతకి రమ్మన్నాను. రాలేదు.
జూన్‌లో ఒక మధ్యాహ్నం ఫోను,
నేను అన్నం కలుపుకుంటున్నాను,
ఎంత కడిగినా వేళ్ళకి అదే వాసన.
అవతల షట్టరు ఎత్తిన హోరు,
దాని మీద నుంచి అతను ఏదో గట్టిగా చెప్తున్నాడు.
మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు.
నీళ్ళే వినిపించాయి.
"నొప్పి" అన్న మాట అందులో లేదనే
అనుకుంటున్నాను.