జీర

షెఫీల్డ్‌లో జనవరి.
గరాజ్ కిటికీకి మంచు లోపలివైపే పట్టింది.
స్కార్ఫ్ ముక్కుదాకా చుట్టుకుని
సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా
దాని పక్కనే చేతులు కాచుకుంటున్నాను.

పగటి పూట నా పని వేరు.
ఆసుపత్రిలో, చప్పుడు చొరని గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి
చెవిలో మందు వేసినట్టు
చుక్క చుక్కగా స్వచ్ఛమైన స్వరం వేస్తాను.
వినబడితే బటన్ నొక్కమంటాను.
వినబడకపోయినా నొక్కేవాళ్లుంటారు,
నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక.

నార్మన్ స్టానిఫోర్త్ అలా నొక్కినవాడే.
ముప్పై ఒక్కేళ్లు ఉక్కు సమ్మెటల కింద నిలబడ్డ చెవులు.
నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర ఆయన గ్రాఫు
చీకట్లో మెట్టు తప్పినట్టు
ఒక్కసారిగా జారింది.

మా వీధి మలుపులోనే ఆయన ఇల్లు.
గిటారుకి పెడల్ కడుతున్నానని
గట్టిగా, రెండుసార్లు చెప్పాను.
మర్నాడు గుమ్మంలో ఒక పొగాకు డబ్బా.
లోపల దూదిలో పడుకోబెట్టిన
జర్మేనియం ట్రాన్సిస్టర్లు, పందొమ్మిది.
నల్లరంగు పూసిన గాజు బుడ్లు,
బియ్యప్పురుగు కాళ్లంత తీగలు.
రేడియోలు విప్పే పిచ్చి ఉన్న రోజుల్లో కొన్నవట.

మీటరు పెట్టి ఒక్కొక్కదాన్నీ కొలిచాను.
మూడింటికి ఊపిరి లేదు.
ఒకటి నూట ఎనభై అని చూపించింది,
పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాగ.
వేలు తగిలిస్తే ఇంకా పెరిగింది.
సగానికి సగం లీకేజీయే.
చివరికి డెబ్బై రెండుది ముందు,
నూట పదిది వెనక.

ఇది తిరగేసిన జాతి,
ఇక్కడ ప్లస్సే నేల.
తెలిసీ, అలవాటు కొద్దీ
బ్యాటరీ మామూలుగా తగిలించి
మంచిదాన్నొకదాన్ని చంపుకున్నాను.
పొగ కూడా రాలేదు పాపం.

రెండోసారి రాత్రి తొమ్మిదింటికి
ఛారిటీ షాపులో నలభై పౌండ్లకి కొన్న
మెడ వంకర గిటారు తీగ మీటాను.
కందిరీగల తుట్టెని
ఇత్తడి బిందెలో పెట్టి మూత వేసినట్టు.
అదే!
పక్కింటి కుక్క మొరగడం మానేసి
ఆలోచనలో పడింది.

పిఠాపురంలో సుభద్రాయమ్మగారు
తంబురా తీగ కింద నూలుపోగు జరుపుతూ
ఇదే జీవాళి, ఇది లేకపోతే తీగకి ప్రాణం లేదనేవారు.
జుమ్మని మోగేది గదంతా.
ఆవిడే, ఆరో నెలలో, మా అమ్మని పిలిచి
పిల్ల గొంతులో జీర ఉందండీ, వీణకి మార్చండి అన్నారు.
మాకు వీణ ఎక్కడిది?
గీతాల దగ్గరే నా సంగీతం నిలిచిపోయింది.

గరాజ్ చల్లబడ్డకొద్దీ
స్వరం తునకలు తునకలవుతోంది.
ట్రిమ్మర్ తిప్పి నాలుగున్నర వోల్టులకి తెస్తే
నిలబడినట్టే నిలబడి మళ్లీ జారుతుంది.
విసుగొచ్చి, దండగపడ్డవాటిలో ఒకదాని రంగు
బ్లేడుతో గీకి చూశాను.
గాజు లోపల చిన్న బూడిదరంగు చుక్క.
దాన్ని సర్క్యూట్లో పెట్టి టార్చి వేశాను.
గొంతు మారింది.
చేయి అడ్డం పెడితే బొంగురు, తీస్తే బుసబుస.
నలభై నాలుగేళ్లదాన్ని, ఒక్కదాన్నీ
గట్టిగా నవ్వేశాను.

ఆదివారం నార్మన్ వచ్చాడు.
కుర్చీ వద్దన్నాడు. యాంప్ మీద అరచెయ్యి పరిచి
రెండో చేత్తో టార్చి పట్టుకున్నాడు.
నేను మీటుతూ పోయాను,
ఆయన వెలుగు ఊపుతూ పోయాడు.
వినబడుతోందా అని అడగలేదు.
కాసేపటికి టార్చి మీద ఆయన బొటనవేలు
ఊరికే
నొక్కుతూ, వదులుతూ.

డబ్బా మూతకి ఐదు కన్నాలని లెక్కేసుకున్నాను.
రెండు జాకులకి, రెండు నాబులకి, ఒక స్విచ్చికి.
రేపు ఆరోది కూడా వేయాలి,
వెలుగు దూరడానికి.