చీమలు పట్టే డబ్బు

బ్యాంకులు షట్టర్లు దించి ఇరవై రెండో రోజు.
చిత్తూరు బెల్లం మండీలో
నేనింకా లారీలు తూస్తూనే ఉన్నాను.
కాటా మీద అంకె వెలుగుతుంది,
రసీదులో ధర గడి ఒక్కటే ఖాళీగా పోతుంది.

"దేశం మునిగితే మునగనీలేప్పా,
మన రాష్ట్రం మనం తేల్తాం" అంటాడు దొరస్వామి నాయుడు
టీ గ్లాసు అంచున ఈగను తోలుతా.
వేళ్ళు మడుస్తాడు:
గోదారి బియ్యం, సముద్రమంత ఉప్పు,
మన పాలు, మన తోతాపురి,
ఓడలాగే రేవులు.
ఐదూ మడిచాక అది పిడికిలి.
ఆ పిడికిలిని చూసి
మాకూ కాస్త ధైర్యం వచ్చిన మాట నిజమే.

కానీ కాటా గుమాస్తాను నేను.
ఏ మాటలోనైనా
ఖాళీ బండి బరువు తీసేసి చూడటం అలవాటు.

పాలున్నాయి. ప్యాకెట్టు కవరు యాడిదో.
మామిడి గుజ్జుంది. డబ్బా రేకు ఎన్ని ఊళ్ళు దాటి వచ్చేదో
ఫ్యాక్టరీ వాచ్‌మన్‌కు
రాక ఆగినాక తెలిసింది.
మా వదిన కన్నెమ్మకు వారానికి రెండుసార్లు
రక్తం కడిగే మిషను వేలూర్లో ఉండేది,
ముప్పై అయిదు కిలోమీటర్లు,
నడుమ నరహరిపేట చెక్‌పోస్టు.
గేటు దించేశాక ఇక్కడి పెద్దాసుపత్రే గతి.
మిషనుంది. దాన్లో పోసే నీళ్ళు లేవు.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు.
నా కాటాకు ఏడాదికోసారి సీలు పడాలి.
ఈ ఇనుప గుండు నిజమని ఇంకో గుండు చెబుతుంది,
దాన్ని నిజమనేది మరొకటి,
అలా పోయి పోయి
ఢిల్లీలో గాజుగూట్లో నిద్రపోయే కేజీ దగ్గర ఆగుతుంది.
దేశం పోతే పోయేది రూపాయొక్కటేనా?
రేపట్నించి నా కేజీ
ఎవరి కేజీ?

ఈలోగా మండీ తన డబ్బు తాను చేసుకుంది.
ఒక అచ్చుకు క్షవరం,
రెండచ్చులకు మాత్రల పట్టీ.
సైకిల్ షాపు షరీఫ్ చిల్లర కింద చితికిన ముక్కలిస్తాడు,
పిల్లోళ్ళు ఇల్లు చేరేలోపు
చిల్లర నాకేస్తారు.
మొన్న వానకు
కుప్పమ్మ అటక మీద దాచిందంతా
గోడ పొడుగునా కారిపోయింది.
చీమలు పట్టే డబ్బు,
దాచలేని డబ్బు,
అందుకేనేమో చేతులు మారడం మాత్రం ఆగలేదు.

నిన్న రాత్రి పదకొండుకు
తమిళనాడు బండొకటి కాటా ఎక్కింది.
డ్రైవరు సెల్వమణి. అట్టపెట్టెల నిండా
ఆ నీళ్ళే, పెద్దాసుపత్రికి.
చెక్‌పోస్టులో ఎట్లా వదిలారని నేనడగలేదు.
రూపాయలు వద్దని అతనే చెప్పాడు, నవ్వుతా.
బెంచీ మీంచి లేచొచ్చిన దొరస్వామి నాయుడు
భుజం మీది తువ్వాలు తీసి
ఇద్దరి చేతుల మీదా కప్పాడు
ఎద్దుల సంతలో మాదిరి.
తువ్వాలు కింద వేళ్ళు వేళ్ళను తడుముకున్నాయి.
ఆ బేరం
పిడికిలి విప్పనోడికి రాదు.

ఇరవై మూటల బెల్లం ఎక్కింది.
నీళ్ళు రెండు వారాలకు వస్తాయన్నాడు కాంపౌండరు.
ఆ తర్వాత సంగతి
అతనూ చెప్పలేదు, తువ్వాలూ చెప్పలేదు.

పొద్దున ఆసుపత్రికి పోతా పోతా
వదిన మండీలో ఆగింది.
ఒంట్లో ఎంత నీరు చేరిందో చూడమంది.
కాటా ఎక్కి చెప్పులు విడిచి నిలబడింది
లారీలు నిలబడే చోట.
పదికేజీల లోపు తేడా దీనికి కనపడదు వదినా అన్నాను.
అయినా చూడు అంది.

యాభై అని చూపింది.
కాసేపు ఊగి
అరవై అంది.
మళ్ళీ యాభై.

ఆమె పాదాల పక్కన
రాత్రి రాలిన బెల్లం పొడికి
చీమలు అప్పుడే బారు కట్టాయి,
తమిళనాడు బండి టైరు అచ్చు మీదుగా.