నాలుగూ ముప్పావు

నాలుగున్నరకి కంప్యూటరు కట్టేస్తాను.
ఆఖరి కాగితం: పద్దెనిమిది టన్నుల రొయ్య,
తల తీసింది, తోక ఉంచింది,
బాల్టిమోర్ రేవులో దిగాల్సింది.
చెప్పులు బల్ల కింద వదిలి బూట్లు కట్టుకుంటాను.
ఆటో పిలవనా అంటాడు గేటు దగ్గర కుర్రాడు, రోజూ.
వద్దంటాను, రోజూ.

ఉండి కాలవ గట్టెక్కేసరికి
నా చేతులు నాకే కనపడవు.
చీకట్లో పరుగు కళ్ళతో చేసే పని కాదు.
తారు అయిపోయి మట్టి మొదలైన చోటు మడమకి తెలుస్తుంది.
గుర్రపుడెక్క కుళ్ళిన వాసన వస్తే తూము.
మోకాళ్ళకి చెమ్మ తగిలితే వరిచేలు.
ఉప్పగా, వెచ్చగా గాలి కొట్టిందా, ఇక చెరువులు.
పాములకి నేనంటే భయం, నాకు పాములంటే భయం,
ఆ ఒప్పందం మీద ఇన్నాళ్ళూ నడిచిపోయింది.

ముప్పై ఆరేళ్ళు. డెబ్బై ఒక్క కిలోలు.
వెలుగులో ఇలా ఊగుతూ పోతే
టీ కొట్టు బెంచీ బెంచీయే మెడ తిప్పుతుంది.
చీకటికి మెడ లేదు.

మూడో చెరువు కాపలా ఏసోబుగారు.
ఏరియేటర్లు నీళ్ళని చితక్కొట్టే మోతలో
ఒక బీడీ నిప్పు, ఒక దగ్గు.
ఆయన మొహం నేను చూళ్ళేదు, నా మొహం ఆయనా చూళ్ళేదు.
నా అడుగులు వినపడగానే
"నాలుగూ ముప్పావు" అంటాడు, ఎవరితోనో అన్నట్టు,
లేచి మేత సంచి మూతి విప్పుతాడు.
వాచీ ఉండేదటండి, చెరువులో పడిపోయిందట.
"టైం ఇప్పుడు రొయ్యలు చూసుకుంటన్నాయి."

నవంబరు మొదటి ఆదివారం
అక్కడెవరో ముల్లు వెనక్కి తిప్పారు.
మేనేజరు వాట్సాప్‌లో మూడు మాటలు:
రేపట్నుంచి గంట లేటు.
వాళ్ళ పొద్దు వాళ్ళు సర్దుకున్నారు,
నా చీకటి పోయింది.

ఇప్పుడు గట్టెక్కేసరికి తూర్పు పాలవిరుగుడు రంగు.
పాల క్యాన్లు, స్కూటర్లు, మఫ్లర్లు చుట్టుకున్న పెద్దమనుషులు.
షుగరా అమ్మా?
ఎవరి తాలూకా?
పరిగెత్తినా తగ్గదే, మా మరదలూ చూసింది.
వాళ్ళు కనపడగానే నడకలోకి దిగిపోతాను,
ఫోను చెవికి పెట్టుకుంటాను, అవతల ఎవరూ ఉండరు.
ఆయాసాన్ని కూడా దాచుకోవాలి.

ఏసోబుగారు దగ్గుకంటే చిన్న మనిషి.
ఒక కన్ను పువ్వేసింది. ఇంకో కంటితో నన్ను నిలదీశాడు.
"ఆయ్, నిన్న మీరు రాలేదని
మోటార్లు గంట ఎక్కువ తిప్పేశానండి.
కరెంటుకి రాజుగారు నా తోలు తీశారు.
మీ టైం ఎవరు మార్చారండి?"
అమెరికా వాళ్ళు, అన్నాను.
"సూర్యుణ్ణా?"
కాదండి, గడియారాన్ని.
బీడీ అయిపోయేదాకా ఆలోచించాడు.
"అయితే టైముకీ లాకులుంటాయన్నమాట.
పైనోడు తలుపేస్తే కిందోడి చేను ఎండాల్సిందే."

ఆ చలికాలం సగం రోజులు ఆటోలోనే వెళ్ళాను.
కుర్రాడు అడగడం కూడా మానేశాడు,
నన్ను చూడగానే విజిలేసేవాడు.

మార్చి. రెండో ఆదివారం దాటింది.
నా గంట నాకు తిరిగొచ్చింది, వడ్డీ లేదు.
మంగళవారం తెల్లారగట్ట గట్టెక్కాను.
కాళ్ళు దారి మర్చిపోయాయి. తూము దగ్గర జారి
మోకాలు చెక్కుకుపోయింది. ఎవరూ చూళ్ళేదు.
అక్కడే కూర్చుని గట్టిగా రొప్పాను,
నోరు తెరుచుకుని, నాకిష్టమైనంత సేపు.

మూడో చెరువు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి.
నిప్పు లేదు. దగ్గు లేదు.
ఉన్నట్టుండి మొహం మీద టార్చిలైటు.
"ఎవరది?" ఇంకా సరిగా విరగని గొంతు,
నాకంటే దానికే భయమెక్కువ.
ఏసోబుగారేరి అని అడగాలి.
పేరు చెప్పాలి, ఎవరి తాలూకానో చెప్పాలి.

"నాలుగూ ముప్పావు" అన్నాను, ఆగకుండా.

వెలుతురు నా వీపు మీద కాసేపుండి
ఆరిపోయింది.