పైనుంచి ఐదో మెట్టు

పిల్లికి చక్కెర జబ్బట.
నాకు మొదట నవ్వొచ్చింది.
డాక్టర్ ఇత్సియార్ నవ్వలేదు.

"నీళ్లు ఎక్కువ తాగుతోందా?"
తాగుతోంది. వల్పరాయిసో రేవు మొత్తం
రేపటికి ఎండిపోతుందన్నట్టు.
"తింటూనే చిక్కిపోయిందా?"
పోయింది. వెన్ను నిమిరితే
జపమాల పూసలు వేళ్లకి తగులుతున్నాయి.
వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి
దిగిపోయిన నావికుడిలా నడుస్తోంది.
"దీనికి ఇంకెవరైనా తిండి పెడతారా?"
తెలీదన్నాను.
అబద్ధం.

పై వాటాలో మా అక్క ఎడెల్మీరా పెడుతుంది.
నాది కింద వాటా.
మధ్య పద్నాలుగు మెట్లు, పదకొండేళ్లు.
అమ్మ కుట్టుమిషన్ ఎవరికన్న దగ్గర మొదలై
ఎక్కడెక్కడికో పోయింది గొడవ.
ఆ మెట్లు ఎక్కి దిగేది సెనీసా ఒక్కతే.
సెనీసా అంటే బూడిద. దాని రంగూ అదే.
నా దగ్గర డబ్బా చేప తిని,
పైకెళ్లి పస్తున్న మొహం పెట్టి
చిక్కటి తీపిపాలు నాకి వచ్చేది.
మీసాల మీద ఆ వాసన నాకు తెలుసు.
తెలిసీ ఏనాడూ తుడవలేదు.

పన్నెండు గంటలకోసారి సూది.
పొద్దున ఏడు, రాత్రి ఏడు.
రాత్రి ఏడుకి నేను కొండబండి దగ్గర
టికెట్లు చింపుతూ ఉంటాను.
"ఒక పూట మరిస్తే కొంప మునగదు," అంది డాక్టర్,
"ఇద్దరూ చెరోసారి వేస్తేనే మునిగేది."
ఇద్దరని ఎవరు చెప్పారామెకి!

నోటుపుస్తకం కొని, పెన్సిలుకి దారం కట్టి
ఏడో మెట్టు దగ్గర కమ్మీకి వేలాడదీశాను.
కరెంటాఫీసుకి అర్జీలా రాశాను విషయమంతా.
"పాలు వద్దు" కింద రెండు గీతలు.
మూడు రాత్రులు సూది తప్పింది.
నాలుగో రాత్రి:
"19 గంటలు. రెండు యూనిట్లు. ఎ."

సీసా కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి,
గువ్వగుడ్డుకి వెచ్చదనం ఇస్తున్నట్టు.
మెడ మీద చర్మం గుడారంలా ఎత్తి, గుచ్చి...
సూది బొచ్చులోంచి అవతల తేలింది.
వేళ్లకంతా ఆస్పత్రి వాసన.
సెనీసా తన తిండి తను తింటోంది.
ఏడ్చింది నేను.
"లోపలికి వెళ్లిందో లేదో తెలీదు. మళ్లీ వెయ్యలేదు" అని రాశాను.
రాత్రికి దాని కింద:
"నిన్న నాకూ అంతే."
పదకొండేళ్లకి ఒక వాక్యం.

ఆగస్టు. రేకుల గోడల మీద సముద్రపు మంచు కారుతోంది.
తెల్లవారుజామున మూడింటికి తలుపు దబదబా.
నైటీ మీద కోటు, చేతుల్లో
పిండని గుడ్డలా సెనీసా.
అక్క దగ్గర నా సబ్బు వాసనే వచ్చింది.
చెవి అంచు గుచ్చాం. నలభై ఒకటి.
తేనె. చిగుళ్ల మీద వేలితో రాశాను,
వద్దు వద్దన్న తీపినే ఇప్పుడు బతిమాలి.
అక్క పట్టుకున్న టార్చి వెలుగు
గోడ మీద ఒక చోట నిలవలేదు.
"యాభై మూడు."
"ఇంకొంచెం."
"డెబ్భై."
వంటింటి నేల మీద చెరో గోడకీ ఆనుకుని
అంకెలు తప్ప ఏమీ అనుకోలేదు.
అమ్మ కుట్టుమిషన్ అక్కడే మూలనుంది,
మీద పిల్లి సూదుల పెట్టె.
అక్క చూసింది.
తను చూడటం నేను చూశానని కూడా చూసింది.
వెలుగొచ్చేసరికి సెనీసా లేచి
ఇద్దరి మీదా అలిగి పొయ్యి కిందకి పోయింది.

డాక్టర్ మోతాదు సగం చేసింది.
నయమవుతుందా అంటే భుజాలెగరేసింది.
కొన్నిటికి మందు మానేసే రోజొస్తుందట,
కొన్నిటికి రాదట.

ఇవాళ్టి పేజీలో నాది:
"7 గంటలు. ఒక యూనిట్. బాగా తింది."
కింద కుడికి వాలిన అక్షరాలు:
"19 గంటలు. ఒకటి. కరిచింది.
పైనుంచి ఐదో మెట్టు వదులైంది. చూసుకుని ఎక్కు."

పుస్తకం దాటి పైకి
నేనెప్పుడూ ఎక్కను.
ఆ సంగతి ఆమెకి తెలుసు.