యూజర్ పేరు

ట్రియెస్టె కొండ మీద, నాలుగో అంతస్తు వంటింట్లో
అమ్మమ్మ చెల్లెలికి ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాను.
నా పాతదే. మూత మీద స్టిక్కర్ గోకిన మచ్చ.
కింద వీధిలో బోరా గాలి చెత్తడబ్బాల్ని తరుముతోంది.
ఆవిడ ముందు చేతులు కడుక్కుంది,
ఏప్రన్‌కి తుడుచుకుంది,
"ఊఁ, ఇప్పుడు అడగమను" అంది.

మీ పేరు?

ఆవిడకి ఇది చిన్న ప్రశ్న కాదని నాకు తెలుసు.
ఇంట్లో పెట్టిన పేరు జోరా.
అది స్లావు పేరు, రాయడానికి వీల్లేదన్నాడట గుమాస్తా.
ఇటాలియన్‌లోకి మార్చి ఔరోరా అని రాసుకున్నాడు.
ఎలా పిలిచినా తెల్లవారడమే.
ఇంటిపేరూ అంతే, వోదోపివెత్స్ పోయి బెవిలాక్వా వచ్చింది.
అదీ నీళ్లు తాగేవాడే, ఇదీ నీళ్లు తాగేవాడే.
"దాహాన్ని మాత్రం మార్చలేకపోయారు" అనేవాడట వాళ్ల నాన్న,
నీళ్లు కానిదేదో తాగుతూ.

యుద్ధం అయ్యాక పెద్దన్న అర్జీ పెట్టి
పాత ఇంటిపేరు వెనక్కి తెచ్చుకున్నాడు.
చిన్నన్న స్టాంపు ఖర్చు దండగన్నాడు.
ఇప్పుడు ఒకే రాతి కింద ఇద్దరూ, రెండు ఇంటిపేర్లతో.

ఇదంతా తలుచుకుని నేనే కాస్త పొంగిపోయి
"ఇక్కడ ఏ ఆఫీసూ లేదు చిన్నమ్మమ్మా,
నీకు నచ్చిన పేరు రాసుకో" అన్నాను.
ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ
ఔరోరా అని కొట్టింది.
"పెన్షన్ కాగితాల్లో అదేగా. లేనిపోని తికమక దేనికి?"

తర్వాత ఖాతా రకం.
నన్ను అడ్మినిస్ట్రేటర్‌గా, ఆవిణ్ణి సామాన్య యూజర్‌గా పెట్టబోయాను.
"అడ్మినిస్ట్రేటర్ అంటే?"
"అన్నీ మార్చే అధికారం ఉన్నవాడు."
"మేస్త్రీ అన్నమాట."
రేవు గోదాములో ముప్పై ఏళ్లు కాఫీ గింజలు ఏరిన మనిషి.
"నా వంటింట్లో మేస్త్రీవి నువ్వా?"
వెనక్కి వెళ్లి మార్చాను.

పాస్‌వర్డ్ కొడుతుంటే నల్లచుక్కలు వరసగా పడ్డాయి.
ఆగి, వంగి, దగ్గరగా చూసింది.
చూపుడువేలు వాటి మీద గాలిలో అటూ ఇటూ కదిలింది,
పురుగు పట్టిన గింజ కోసం.
"అన్నీ ఒకే సైజు" అంది మెచ్చుకోలుగా.
మళ్లీ కొట్టమంటే మాత్రం కోపమొచ్చింది.
"ఇప్పుడేగా చెప్పాను! చెవుడా దీనికి?"
రెండుసార్లు కుదర్లేదు. మూడోసారికి కుదిరింది.
ఈలోపు స్టవ్ మీద కాఫీ పొంగిపోయింది.

మర్చిపోతే పనికొచ్చేలా ఒక ప్రశ్న ఎంచుకోమంది యంత్రం.
మొదటి బడి పేరు?
"ఏ భాషలో?" అంది. వదిలేశాం.
మొదట పెంచుకున్న జంతువు?
"కుందేలు. తినేశాం."
చిన్నప్పటి ముద్దుపేరు?

ఫ్రిజ్ కాసేపు గుర్రుమని ఊరుకుంది.
"అటు తిరుగు మాత్యా."

కిటికీ వైపు తిరిగాను.
కింద ఒక ముసలాయన దీపస్తంభాన్ని కౌగిలించుకుని
గాలి నెమ్మదించేదాకా ఆగుతున్నాడు.
జోరా అంటే వాళ్ల లిపిలో నాలుగు మీటలు.
నాలుగు టక్కులే వింటాననుకుని లెక్కపెట్టాను.
నాలుగు దాటింది. ఏడు. ఎనిమిది.
కాస్త ఆగి, ఏదో చెరిపి, ఇంకో రెండు.

ఆ పేరు నాకు తెలీదు.
అమ్మమ్మకి తెలిసుండాలి, ఆవిడ లేదు.
ఆ రాతి కింద ఇద్దరికీ తెలిసుండాలి.

"అయింది, తిరుగు."
తెర మీద తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు.
"ఇదెక్కడి సముద్రం, మనది కాదే" అని పెదవి విరిచింది.
పాస్‌వర్డ్‌ని కరెంటు బిల్లు వెనక పెద్దపెద్దగా రాసి
చక్కెర డబ్బాకి ఆనించింది,
వచ్చేపోయే వాళ్లందరికీ కనిపించేలా.

మూడు వారాలకి ఫోన్ చేసింది.
బిల్లు కట్టడానికి పట్టుకెళ్తే ఆ కాగితం కాస్తా పోయిందట.
"మరి లోపలికెలా వెళ్లావు?"
"అది అడిగింది, చెప్పాను."
వెనక కప్పులో చెంచా తిరుగుతున్న చప్పుడు.
"చెవుడు లేదులే దానికి."