ఆఖరి పీరియడ్, బేతంచెర్ల

డ్రాయింగ్ పీరియడ్ అంటే
సిలబస్ కాలేదని లెక్కల సారు అడిగి తీసుకునే గంట.
ఈసారి ఇవ్వలేదు.

బల్ల మీద స్టీలు చెంబు పెట్టి
గీయండి అన్నాను.
నలభై ఒక్క చెంబులు వచ్చినాయి,
అన్నీ ఒకే పక్కవి,
అన్నిటికీ మూతి కోడిగుడ్డు మాదిరి.
"మూతి గుండ్రం గదరా, గుడ్డెట్లయింది?"
"ఈన్నించి చూస్తే అట్లనే కనపడ్తాది సార్"
చివరి బెంచీ మద్దిలేటి.
"మరి తెలిసింది గీసినావా, కనపడింది గీసినావా?"
వాడు చెంబును చూసినాడు, నన్ను చూసినాడు.
కిటికీ అవతల పాలిష్ ఫ్యాక్టరీలో రంపం
రాయిని కోస్తానే ఉంది.

అప్పుడు చెప్పినాను క్యూబిజం సంగతి.
వందేళ్ళ పైమాట, పారిస్‌లో కొందరు
ఒక్కచోట నిలబడి చూడటం చాలించినారని,
సీసా చుట్టూ, గిటారు చుట్టూ, మనిషి చుట్టూ తిరిగి
చూసిందంతా ఒకే గుడ్డ మీదికి దించినారని,
ఇవేం బొమ్మలు, అన్నీ గడులే అని ఎవరో వెక్కిరిస్తే
ఆ వెక్కిరింతే పేరై కూర్చుందని.

నా దగ్గరుండేది ఒక్కటే ప్రింటు,
కర్నూల్లో పాత పుస్తకాల బండి మీద దొరికింది,
ఒక మూల చెదలు తినింది.
బెంచీ బెంచీ దాటి పోయింది.
"ఈమె ముక్కు తప్పిపోయింది సార్."
"కిందపడి పగిలిన అద్దం సార్."
"కాదు, మా నాయిన గనికాడ
ముక్కలైన నాపరాళ్ళను ఇట్లనే పేరుస్తాడు,
ఏ అంచుకు ఏ అంచు అతుకుతుందో చూసి."
ఇది సుంకన్న.
సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

రేపటికి ఇంట్లో ఒక మనిషిని గీసుకుని రండి,
ఒక్క పక్కే గీస్తే సున్నా.

కొందరు స్కేలు పెట్టి
మనిషిని త్రికోణాలు కోసి తెచ్చినారు.
మద్దిలేటి ఎనుమును తెచ్చినాడు:
నాలుగు మూలల నాలుగు కాళ్ళు, నట్టనడుమ తోక,
"పాలు పిండేటప్పుడు ముఖానికి తగిలేది అదే గద సార్."

హుసేనమ్మ కాగితం బోర్లా పెట్టి పోయింది.

తిప్పితే, వాళ్ళ నాయిన.
ముందు నడినెత్తి, తువ్వాలు చుట్టతో సహా,
క్యారియర్ పట్టుకుని గని గట్టు మీద నిలబడితే
అడుగున కనపడే నడినెత్తి.
దానికి అతుక్కుని వీపు,
మోపెడ్ వెనక కూర్చున్నోళ్ళకే తెలిసే
చొక్కా చిరుగు, చెమట ఉప్పు పటం.
ముఖమంత అరచేయి,
జ్వరమొస్తే నుదుటి మీద పడే చేయంట.
చెవి ఒక్కటే. రెండోది రంపం మోతకు పోయిందంట.
కండ్లు లేవు.

"కండ్లేవి మ్మా?"
"తెల్లారకముందే పోతాడు సార్.
వచ్చేసరికి ముఖమంతా దుమ్ము.
సరిగ్గ చూల్లేదు.
తెలీనిది గీయొద్దన్నారు గద."

నేనట్ల అనలేదు.
అన్నానేమో.

ఆ రాత్రి అన్నం కాడ
మా ఆవిడ ముఖాన్ని ఎప్పుడూ చూడని పక్కనుంచి చూసినాను.
చెవి కింద పుట్టుమచ్చ.
ఇరవై రెండేళ్ళకు.
"ఏంది అట్ల చూస్తావు, ఉప్పెక్కువయిందా?"

పదికి ఎంతో ఒకటి వేయాల.
రిజిస్టరులో గడి ఖాళీగానే ఉంచినాను,
అదీ ఒక గడే గదా అని.

సోమవారం హుసేనమ్మ
అడగకుండానే కాగితం మళ్ళీ తీసుకుంది,
పెన్సిలు ఎంగిలి చేసి
అరచేయికీ నడినెత్తికీ మధ్యన
కొంచెం వంగిన ఒక్క గీత గీసింది.
"నిన్న గనికి సెలవు సార్.
మధ్యాహ్నం పండుకున్నప్పుడు
పక్కన కూర్చుని చూస్తా ఉంటి.
మూసిన కన్నే దొరికింది."

ఏమనాలో తోచక
ఆ గీత మీద వేలు పెట్టబోయి ఆగినాను, చెరిగిపోతాదని.
లెక్కల సారు వాకిట్లో నిలబడి
చేతిలో పుస్తకం ఊపుతా
పీరియడ్ అడుగుతున్నాడు.