పార్కలాం

కవరు అంటించి ఇచ్చారు.
పెరంబూరు వంతెన దగ్గర ఆటో ఆగిపోయినప్పుడు
హెయిర్‌పిన్‌తో చించాను.
పేరు సరిగ్గానే ఉంది: చంద్రకళావతి, ఇరవైతొమ్మిది,
పద్నాలుగు వారాల గర్భం.
కింద రెండు వరసల ఇంగ్లీషు.
అబ్‌నార్మల్ అన్న ఒక్క మాటే అర్థమైంది,
మిగతా అక్షరాలన్నీ దానికి కాపలా ఉన్నట్టున్నాయి.

ఆటో అతను అద్దంలో చూసి
వాంతి వస్తోందా, పక్కన ఆపనా అన్నాడు.
అవునన్నాను. ఆ జవాబే సులువు.
చెరకురసం బండి పక్కన దిగి
రాని వాంతి కోసం కాసేపు వంగి నిలబడ్డాను.

డాక్టర్ జులేఖా మందుచీటీ వెనక బొమ్మ గీసింది.
తలకిందులుగా ఒక బేరిపండు, దాని కొసన చిన్న సున్నా.
దీన్ని మీ తెలుగులో ఏమంటారు? అంది.
తెలియదు.
ఆ రాత్రి ఫోనులో వెతికితే దొరికింది,
గర్భాశయ ముఖద్వారం.
ఇన్నేళ్ళూ నాలోనే ఉన్నదాని పేరు
మంచం మీద, వెలుతురు తగ్గించుకుని చదువుకున్నాను.

ద్వారం అన్నాక గడప ఉంటుంది.
ఇంటి గడపకైతే శుక్రవారం పసుపు రాస్తాను.
దీనికి సిస్టర్ ఆరోగ్యమేరి
ఊరగాయ సీసా వాసనొచ్చే మందేదో రాసింది,
రాసిన చోట ఒక మూల తెల్లబడింది.
స్క్రీను మీద చూపించారు,
కాగిన పాల మీద మీగడ తునకంత.
ముక్క తీసే అవసరం కనిపించలేదన్నారు.

కేన్సరా?
కాదు. దారి తప్పిన కణాలు.
చాలాసార్లు వాటంతటవే సర్దుకుంటాయి.
ఇప్పుడు ముట్టుకోం. కాన్పయిన పన్నెండు వారాలకి
పార్కలాం.

ఈ ఊళ్ళో ఆ మాట నాకు కొత్త కాదు.
ఫ్యాను బాగుచేసేవాడు పార్కలాం అంటాడు, చూడ్డానికి రాడు.
అద్దె తగ్గించమంటే ఓనరమ్మ అంటుంది.
సొంతిల్లు అన్నప్పుడల్లా మా ఆయన యతిరాజు అంటాడు.
ఆ మాట అనేసి
డైరీ తీసి తారీఖు రాసిన మనిషిని
ఇప్పుడే చూడ్డం.

వైరస్సు సంగతి ఆయనకి చెప్పాను.
ఎవరి నుంచి అని ఆయన అడగలేదు.
నేనూ అడగలేదు.
ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు, లెక్కలు కట్టుకోకండి అంది డాక్టరు.
ఇద్దరం పైకప్పు చూస్తూ కట్టుకున్నాం.
తెల్లారుజామున ఆయనే ముందు నవ్వాడు.
నాకు లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కులే కదే, అన్నాడు.
అప్పుడు ఏడ్చాను.

అత్తకి చెప్పలేదు.
కోడలి ముఖం వాడిందని ఆవిడే కనిపెట్టి
ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి
గ్యాసు మంటలో పడేసింది.
ఘాటు రాలేదు. చూశావా, గట్టి దిష్టే, అంది.
అవునత్తా, గట్టిదే.
కిందింటి రెబెక్కా ఆంటీ మాత్రం మెట్ల మీద ఆపి
నాకూ అట్లాగే వచ్చింది, రెండో వాడప్పుడు,
అని చెప్పి మునగాకు కట్ట చేతిలో పెట్టి
ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.
ఆ రెండోవాడు ఇప్పుడు మేడ మీద
క్రికెట్ బంతితో మా నీళ్ళ ట్యాంకు మూత పగలగొడుతుంటాడు.
ఆ చప్పుడుకి ఇప్పుడు కోపం రావడం లేదు.

నువ్వు రావలసిన దారి అదే.
నీకేం కాదట. అడిగాను.
రెండుసార్లు అడిగాను, సిస్టర్‌నీ విడిగా అడిగాను.
నువ్వు నీ టైముకి రా.
నా పని తర్వాతది.

ఆ తారీఖు వచ్చే ఏడాదిది.
కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరు డిసెంబరుతో అయిపోతుంది.
అందుకని బియ్యం డబ్బా మూత లోపలివైపు
పెన్సిలుతో రాసుకున్నాను.
రోజూ రెండు గ్లాసులు కొలిచేటప్పుడు చూస్తాను.
మూత పెట్టేస్తాను.